ముప్పయ్యారు నంబరు

గంగాధరం సాన మిషన్ కొత్త బెల్టును రెండు చేతుల మధ్య లాగి చూశాడు. అతుకు తడిమాడు. గరుకును గోటితో గీకి, రాలిన పొడిని యజమాని మునిచంద్ర చొక్కా వైపు ఊదాడు.

"ఇది బెల్టా సామీ? దోసెపెనం తోముకునే పీసు."

మునిచంద్ర నవ్వలేదు. ఈ నెలలో ఇది మూడో రకం. అరవై నంబరును గంగాధరం తిట్టాడు. నలభైనీ తిట్టాడు. నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ. గరుకు బెల్టు ఉక్కును త్వరగా కోస్తుంది, తక్కువ వేడెక్కిస్తుంది. వేడి మించితే కత్తి అంచు నీలం తిరుగుతుంది. నీలం తిరిగిన అంచు మామిడి టెంకకు తగిలితే వంగిపోతుంది. బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీ రెండొందల కత్తులను అందుకే తిప్పి పంపింది.

"ముప్పయ్యారు నంబరన్నా. మద్రాసు నుంచి తెప్పించినా. ఈరోజు గూడా నీలం తిరిగితే మిషన్ మీద వేరే మనిషిని పెడతా."

"పెట్టు. ఆ మద్రాసోడు ఇసకకు బంక పూసి అమ్మినాడు, నువ్వు చక్కెరనుకోని తెచ్చుకున్నావు."

ఇరవై తొమ్మిదేళ్లుగా గంగాధరం చేసింది రెండే పనులు. కత్తులు సాన పట్టడం, మనుషుల్ని తీసిపారేయడం. గ్లౌజులు తొడుక్కునేవాడు అతనికి పెళ్లికొడుకు. షుగరు ఉంది, కాళ్లూ చేతులూ జాగ్రత్త అని చెప్పిన డాక్టరు మాత్రల బేరగాడు. ఆ చీటీ తీసుకెళ్లి పొయ్యిలో వేశాడు. కత్తిని ఉత్త వేళ్లతో పట్టాలి, వేళ్లు చురుక్కుమనగానే నీళ్ల బకెట్లో ముంచాలి. అంతే విద్య. అది రానివాళ్లంతా గొడ్లు.

బెల్టు ఎక్కించి మోటారు వేశాడు. నిప్పురవ్వలు మోకాళ్ల దాకా చిమ్మాయి. బెల్టు మీద కత్తిని ఒక లాగు, రెండు, ఐదు, తొమ్మిది. బకెట్ జోలికి పోలేదు. పిడులు బిగించే రంజాన్‌బీ పక్కనే కూర్చుని లెక్కపెడుతోంది. మొన్నటి దాకా మూడు లాగులకోసారి ముంచేవాడు.

"సూడు, మళ్లా నీలమే," అని కత్తిని ఆమెకు అందించాడు. "దరిద్రపు బెల్టు."

"అమ్మో!" రంజాన్‌బీ కత్తిని జారవిడిచి, చేతిని బకెట్లో ముంచింది. "నిప్పు గదనా! ఎట్ల పట్టుకున్నావు దీన్ని?"

"ఆడోళ్ల వేషాలు." గంగాధరం వంగి కత్తిని పిడికిట పట్టుకున్నాడు. "యాడ కాలతా ఉండాది?"

చర్మం కాలిన వాసన వచ్చింది. ఆమె అతని పిడికిలి విప్పదీసింది. అరచేతిలో తెల్లటి బొబ్బ లేస్తోంది. బొటనవేలి మీద పాత బొబ్బలు, ఒకటి చితికి చీము పట్టింది. గంగాధరం ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూశాడు.

"తప్పు బెల్టుది కాదునా," అందామె మెల్లగా.

గంగాధరం మోటారు ఆపాడు. బెల్టు మీద ఇంకోసారి గోరు గీశాడు.

"మునిచంద్రా," అని లోపలికి కేకేశాడు. "బెల్టు మంచిదే. వేరే మనిషిని సూసుకో."

ఇరవై తొమ్మిదేళ్లలో ఆ నోటి నుంచి వచ్చిన మొదటి మెచ్చుకోలు అది. మునిచంద్ర బయటికి వచ్చేసరికి గంగాధరం గేటు దాటేశాడు.

"చేతికి కట్టు కట్టించుకో అన్నా!" అంటూ రంజాన్‌బీ వెంటపడింది. మే నెల ఎండ. అతను తల తిప్పకుండా, అడుగు తడబడకుండా నడిచిపోయి బస్సెక్కాడు.

ఆమె గేటు దగ్గరే నిలబడిపోయింది. పొగలు కక్కుతున్న తారురోడ్డు మధ్యలో అతని ఎడమకాలి రబ్బరు చెప్పు, బస్సు వెళ్లిన వైపు తిరిగి పడి ఉంది.