తిరుగు బురద

కొలత గీతలున్న గాజు జాడీలో బురద అడుగుకు దిగడానికి అరగంట చాలు. ఆ ఉదయం గంట దాటినా పైనున్న నీళ్లు తేటపడలేదు.

“ఆక్సిజన్ మాత్రం బాగా పెరిగింది వదినా. మొన్నటికంటే రెండింతలు,” అన్నాడు మరిది. మురుగునీటి శుద్ధి కేంద్రంలో ట్యాంకు చూసుకునేది అతనే. మూడు నెలల కిందట పోయేవరకు ఆ పని వాళ్ల అన్నయ్యది.

పరీక్షల గదిలో పనిచేసే వదిన మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు.

“పెరగదా మరి? పీల్చేవాళ్లుంటేగా తగ్గేది.”

“జీతం లేదు, సెలవు లేదు. సమ్మె చేశాయేమో.”

“సమ్మె అయితే బతిమాలుకునేవాళ్లం.”

ఆక్సిజన్ పీలుస్తూ, మురుగును తిని నీటిని శుభ్రం చేసే బ్యాక్టీరియా ఆ బురదలోనే ఉంటుంది. పై వీధిలో లోహాలకు పూత పూసే కార్ఖానా, క్రోమియం అనే విషలోహం కలిసిన నీళ్లు కాలువలోకి వదిలింది. కార్ఖానా వాళ్లు ఆపి నాలుగు రోజులైంది. కానీ ఆ లోహం బురదను పట్టుకుని ఉండిపోయింది. మరిది ఆ బురదను తీసేయకుండా, రోజూ చేసినట్టే పంపుతో మళ్లీ ట్యాంకులోకి ఎక్కిస్తున్నాడు.

“ఇప్పుడు విషం పెడుతున్నది మనమే,” అంది వదిన.

“తీసేస్తే ట్యాంకులో ఏం మిగలదు.”

“మిగలకపోనీ.”

“పదకొండేళ్లు పెంచాడు వదినా అన్నయ్య. చలి పెరిగితే చంటిపిల్లలకు జలుబు చేసినట్టు కంగారుపడేవాడు. నా చేత్తో ఎలా పారబొయ్యను?”

ఆమె గాజుపలక కడిగి, తుడిచి, పెట్టెలో పెట్టింది. పక్క ఊరి కేంద్రం నుంచి బతికున్న బురదతో ట్యాంకరు మధ్యాహ్నానికి వస్తుంది. ఈలోగా పాతది తీయకపోతే అదీ చస్తుంది. అప్పుడు మురుగు మురుగుగానే ఏట్లో కలుస్తుంది. దిగువ ఊళ్లు ఆ నీళ్లే తాగుతాయి.

“మొన్న ఆయన చొక్కాలు ఇచ్చేశాను,” అంది పెట్టె మూస్తూ. “ముందు నాకూ చేతులు రాలేదు.”

మరిది చేతి తొడుగులు వేసుకుని బయటికి నడిచాడు. పంపు చప్పుడు ఆగింది.

“పొలాలకు ఎరువుగా పోయే గొట్టం కాదు, మూత ఉన్న గుంటలోకి,” అని గుర్తుచేసింది ఆమె కిటికీలోంచి.

“తెలుసులే.”

ఎండ నడినెత్తికి వచ్చేసరికి గేటు దగ్గర హారన్ మోగింది. ట్యాంకు అడుగున మోకాళ్లలోతు బూట్లతో నిలబడి గోడలు కడుగుతున్న మరిది తలెత్తాడు.

“ఓ పావుగంట ఆగమను వదినా. మూలల్లో ఇంకా ఉంది.”