పడుగు ఆరేదాకా

ఇట్లా దగ్గరికి జరుగు బిడ్డా, అంత దూరంలో కూర్చుంటే నా మాట సగం వీధిపాలవుతుంది. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే విను. మా మామ అంబదాస్ సంగతి చెబుతాను. ఆయన మీద ఎవరూ పాట కట్టలేదు. ఫోటో అయినా లేదు.

ఆ పొద్దున కూడా ఆయన గంజి చూడటానికే లేచాడు. జొన్నపిండి గంజి నేనే కాచేదాన్ని. వేలు ముంచి, బొటనవేలితో రుద్ది, బాగుంటే "ఊఁ" అనేవాడు. బాగా లేకుంటే ఏమీ అనకుండా ఇంకో చెంబు నీళ్లు పోసేవాడు. కోడలిగా ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచీ నాకు దొరికిన మెచ్చుకోలు ఆ "ఊఁ" ఒక్కటే. ఆ రోజు "ఊఁ" అన్నాడు.

మాది చెన్నూరు పక్కన చిన్న పేట, వీధి వీధంతా మగ్గాలు. మగ్గానికి ఎక్కించే ముందు నిలువు దారాలను, అదే పడుగును, వీధి పొడవునా కర్రల మీద చాపి, గంజి పట్టించి కుంచెతో దువ్వాలి. దువ్వకపోతే నేసేటప్పుడు దారం పుటుక్కున తెగుతుంది. మా వీధిలో కుంచె పట్టేది మామ ఒక్కడే. మూరెడు కుంచె, పసిపిల్లంత బరువు. రెండు చేతులా పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు దువ్వుకుంటూ పోవాలి, మళ్లీ రావాలి, ఎండ ఎక్కేదాకా అంతే. ఆ బరువుకు ఆయన కుడిభుజం కిందికి జారిపోయింది. పిక్కలు మాత్రం రాయిలా ఉండేవి. పాదాలు వెడల్పుగా, నేలకు అతుక్కున్నట్టు పడేవి. తల ఎత్తేవాడు కాదు. ఎదురుగా మనిషి వచ్చినా, ఆయన చూసేది దారాన్నే.

మా ఇంటికి ఎదురిల్లు విఠల్ సేటుది. ఆయనదీ నేత కులమే. ఆయన తండ్రి పడుగులకు గంజి పెట్టింది కూడా మా మామే. కొడుకు నాలుగు రాళ్లు కూడబెట్టి సేటయ్యాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్లో మూడేళ్లో అయి ఉంటుంది. మన దిక్కు కరెంటు వస్తుందట, మరమగ్గాల షెడ్డు వేస్తానన్నాడు. దానికి వీధిని మధ్యకు కోసి గోడ కడతానన్నాడు. వీధి పోతే పడుగు ఎక్కడ చాపాలి? పడుగు లేనిదే మగ్గం ఏం తింటుంది?

మావాళ్లు అరవలేదు, కర్ర పట్టలేదు. ఒకటే అనుకున్నారు. ఒకరి పడుగు ఆరగానే ఇంకొకరిది చాపాలి. పొద్దున మొదలుపెడితే పొద్దు గూకేదాకా వీధి ఖాళీగా ఉండకూడదు. ఆడవాళ్లం అరుగుల మీద కూర్చుని నూలు కండెలు చుట్టేవాళ్లం. చాపిన పడుగును మా పేటలో ఎవరూ దాటరు బిడ్డా. అది అన్నం పెట్టేది, దాని మీంచి కాలు వేయరు. బండి మల్లన్న సేటు కోసం రాళ్లు తెచ్చి వీధి మొదట్లో ఎడ్లను విప్పేవాడు. సేటు అరుగు మీంచి "తోలు, తోలు" అని కేకలేస్తే, మల్లన్న బీడీ ముట్టించి, "నువ్వు దాటి సూపెట్టు సేటూ, ఎన్కనే నేనొస్త," అనేవాడు. సేటు ఎట్లా దాటుతాడు? దుకాణానికి తానే వెనక గుమ్మం నుంచి పోతున్నాడు కదా. వారమంతా చూసి, ఠాణాకు పోయి అమీనుకు ఫిర్యాదు ఇచ్చాడు.

ఆ పొద్దున మామ రెండోసారి దువ్వుతున్నాడు. పోలీసు జవాను ఖాసిం వచ్చాడు. మన పేటలోనే పుట్టి పెరిగినవాడు. టోపీ చంకలో పెట్టుకుని, గోడ పక్కనుంచి ఒదిగి ఒదిగి నడిచాడు.

"కాకా, అమీన్ సాబ్ నిన్ను తోల్కరమ్మన్నడు. జర అంగీ ఏస్కో."

మామ కుంచె ఆపలేదు. "నేనేం జేసిన్రా?"

ఖాసిం కాగితం విప్పి కూడబలుక్కుంటూ చదివాడు. ఫిర్యాదుదారు ఇంటి ముందర కాపు కాసి, చేతిలో కట్టె వంటి వస్తువు పట్టుకుని, దినమూ అటూ ఇటూ తిరుగుతూ, ఇంటిల్లిపాదినీ సతాయిస్తున్నాడట. అట్లా సతాయించకుండా ఏదో చట్టం ఉందట.

మామ ఆ కొసకు పోయి, తిరిగి వచ్చాక అన్నాడు: "అటు ఇటు తిరగకుంట గంజెట్ల పెడ్తర్రా?"

అరుగు మీద మా అత్త శంకరవ్వ కండె కింద పడేసింది. "నన్ను సతాయించిండంటె నేనొప్పుకుంట. లగ్గమైన కాంచి గదే పని. గా సేటునెప్పుడు సతాయించిండు? ఆ దిక్కు తలెత్తి చూసిండా ఎన్నడన్న?"

ఆడవాళ్లంతా నవ్వారు. ఖాసిం కూడా నవ్వబోయి, సేటు అరుగు వైపు చూసి మానుకున్నాడు.

"తడి పడుగు ఇడ్శిపెట్టి రాను," అన్నాడు మామ. "ఆరనియ్యి."

"ఎంతసేపు కాకా?"

"ఎండనడుగు. ఊకె నిలవడకు, గా కొస తాడు వదులైంది, జర గుంజి పట్టరాదు."

ఖాసిం లాఠీ గోడకు ఆనించి, తాడు పట్టుకుని వెనక్కి వాలాడు. సేటు అరుగు దిగినంత పని చేశాడు. "ఖాసిం! నిన్ను మనిషిని పట్టుకరమ్మని తోల్తే పడుగు పట్టుకున్నవా?"

"రెండూ పట్టుకున్న సేటూ, ఫికర్ జెయ్యకు."

పడుగు ఆరింది. మామ దాన్ని చుట్టించాడు, కుంచె కడిగాడు, నూనె రాసి మేకుకు తగిలించాడు. మక్క గట్క ముందర పెడితే సగం తిని చెయ్యి కడుక్కున్నాడు. రుమాలు చుట్టుకుంటూ నాతో, "రేపు గంగయ్యది చాపుండ్రి. గంజి జర పల్చగుండాలె," అన్నాడు. ఆయన నాతో అన్ని మాటలు ఒక్కసారి అనడం అదే మొదలు.

తరవాత సంగతి ఖాసిం చెబితే విన్నదే. కచేరిలో మెజిస్ట్రేటు మెత్తగానే మాట్లాడాడట. ముచ్చలిక, అదే పూచీ కాగితం, రాసి ఉంది, వేలిముద్ర వేసి ఇంటికి పొమ్మన్నాడు. ఏడాదిపాటు ఫిర్యాదుదారు ఇంటి ముందర నిలవకూడదు, తిరగకూడదు, ఆ వీధిలో నలుగురితో కూడకూడదు.

"దొరా, నా ఇల్లు ఆయనింటికి ఎదురుంగనే."

"ఇంట్లోకి పోవచ్చు, రావచ్చు. వీధిలో ఉండకూడదు."

"మరి పడుగు యాడ చాపాలె?"

అది కోర్టు చెప్పే సంగతి కాదన్నాడు మెజిస్ట్రేటు. చెప్పేది కాదు, నిజమే. గుమాస్తా సిరాబిళ్ల తెచ్చి ముందర పెట్టాడు. మామ బొటనవేలు చూసుకున్నాడు. గోటి కింద గంజి తెల్లగా ఎండి ఉంది. ఆ వేలు పడితే రేపటి నుంచి కుంచె ఉండదు. కుంచె లేకుంటే వీధిలో పడుగు ఉండదు. పడుగు లేకుంటే మల్లన్న ఎడ్లను కట్టక తప్పదు. ఇదంతా ఆయన అక్కడ ఎవరికీ చెప్పలేదు. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"పెట్టను దొరా."

కచేరి వెనక గదిలో కూర్చోబెట్టారు. ఆయనకు ముందు నుంచే దగ్గు ఉంది, ఆ పూట ఎక్కువైంది. ఖాసిం నీళ్లిస్తే తాగాడు. మధ్యాహ్నం దాటాక, "ఎండెట్లున్నది?" అని ఒకసారి అడిగాడట. బాగానే ఉందంటే తల ఊపాడు. పొద్దు వాలుతుంటే ఖాసిం చాయ్ తేవడానికి పోయాడు. వచ్చేసరికి మామ గోడకు ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడు. రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి, వేళ్లు కొద్దిగా మడిచి, ఏదో బరువు పట్టుకున్నట్టు. ఖాసిం "కాకా" అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. చాయ్ కింద పెట్టి టోపీ తీశాడు.

మాకు కబురు రాలేదు. మర్నాడు పొద్దున్నే వదిలిపెడతారని, మామ చెప్పినట్టే మా వీధి నేతగాడు గంగయ్య పడుగు చాపాం. గంజి పల్చగా కాచాను. గంగయ్య తానే కుంచె పట్టాడు. అలవాటు లేని చెయ్యి, నాలుగు అడుగులకు ఒకసారి ఆగేవాడు.

వీధి మొదట్లో బండి ఆగింది. మల్లన్న బండే, రాళ్లు లేవు. బండిలో తెల్లబట్ట, పక్కన ఖాసిం. గంగయ్య చేతిలో కుంచె ఆగిపోయింది. ఎవరో పడుగు విప్పమన్నారు. మల్లన్న ఎడ్ల ముకుతాడు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ఖాసిం దిగి వచ్చి, చెయ్యి అడ్డం పెట్టి, "వద్దు. ఆరనియ్యుండ్రి," అన్నాడు.

అత్త అరుగు దిగింది. బండి దాకా పోలేదు. గంగయ్య వైపు తిరిగి, "ఆగకురా. తడి మీద ఆగితే ఖరాబైతది. కొసదాక పో," అంది.

గంగయ్య కొసదాకా పోయాడు, తిరిగి వచ్చాడు. బండి ఎండలో నిలబడే ఉంది. పడుగు ఆరి, చుట్టిన తరవాతే మామ ఇంటికి వచ్చాడు. అప్పుడు ఏడ్చాం. సేటు తలుపు ఆ రోజు తెరుచుకోలేదు.

ముద్దాయి చనిపోయాడని కేసు మూసేశారు. గంగయ్య చెయ్యి నెల తిరిగేసరికి కుదిరింది, వీధి ఒక్క రోజూ ఖాళీగా లేదు. సేటు చూసి చూసి షెడ్డును చెన్నూరు బాట పక్కన వేసుకున్నాడు. తరవాత చాలా ఏళ్లకు, మిల్లులోనే గంజి పెట్టిన పడుగులు రావడం మొదలయ్యాక, మా వీధిలో చాపేవాళ్లు లేకుండా పోయారు. వీధి మాత్రం ఇప్పటికీ ఆ కొస నుంచి ఈ కొసకు తెరిచే ఉంది.

నేనేం రాయగలను బిడ్డా, నా పేరే వంకరగా రాస్తాను. నువ్వు గుర్తుంచుకో. రేపు నీ పిల్లలు గోడ మీది ఆ వస్తువు ఏమిటని అడిగితే చీపురని చెప్పకు. ఒకాయన దాన్ని పట్టుకుని అటూ ఇటూ నడిచాడని చెప్పు, అదే నేరమన్నారని చెప్పు. చూడు, అదే మేకుకు ఉంది, ఆయన కుడిచెయ్యి ఆనిన చోట కర్ర లోపలికి అరిగిపోయిన కుంచె.