మనవరాలి పేరు మీద మొక్కిన ఒక్కపొద్దు

మొక్కేటప్పుడు సాలమ్మకు అది చిన్న మొక్కనే అనిపించింది. మనవరాలు గ్లోరీ కానిస్టేబులు నౌకరికి మొదటి పరీక్ష రాసొచ్చిన దినాలవి. రిజల్టు ఇంక రాలేదు, ఇంట్ల ఎవరికీ కుదురు లేదు. సాలమ్మ చర్చి ముంగట మరియమాత గుహ కాడికి పోయి కొవ్వొత్తి ముట్టించి, "తల్లీ, పిల్ల గీ పరీక్ష గట్టెక్కితే తపస్సుకాలమంత, ఈస్టరు దాక నలబై దినాలు, ఒక్కపొద్దు ఉంటది" అని చెప్పొచ్చింది. తనే ఉంటనని అందామంటే బీపీకి, షుగరుకు పొద్దుగాల్నే గోలీలేసుకునే మనిషాయె. తినకుంటే కండ్లు తిరుగుతయి. పిల్లదంటే వయసుల ఉన్నది, ఒక పూట మానితే ఏమైతదిలే అనుకున్నది.

పిల్ల పాసైంది. వాడకట్టంత లడ్డూలు పంచిన్రు. అప్పుడు చెప్పింది సాలమ్మ మొక్కు ముచ్చట.

"నీ మొక్కుకు నా కడుపు జామీనా అవ్వా?" అని గ్లోరీ పడి పడి నవ్వింది. "సరే తియ్, ఉంట."

కోడలు నిర్మలమ్మ నవ్వలేదు. అత్త దిక్కు ఒక్క చూపు చూసి పొయ్యి కాడికి పోయింది. ఆ చూపు సాలమ్మకు ఇప్పటికీ గుచ్చుకుంటనే ఉన్నది.

ఎందుకంటే కొన్నాళ్లకు ఇంకో కబురొచ్చింది. పరుగు, దూకుడు, గుండు ఇసురుడు, ఈ మూడింటికి నల్గొండ రమ్మని తారీఖు వేసిన్రు. లెక్క చూసుకుంటే అది సరిగ్గ తపస్సుకాలం నడుమ పడ్డది. కడుపు మాడ్చుకునే దినాలల్లనే పిల్ల పరుగెత్తాలె. సాలమ్మకు రంది అప్పుడు మొదలైంది.

తపస్సుకాలం మొదలయ్యే విభూతి బుధవారం నాడు నొసటి మీద బూడిదతోని చర్చి నుంచి వచ్చి గ్లోరీ ఒక్కపొద్దు పట్టింది. పగటీలి ఒక్కపూట బువ్వ, అంతే. పొద్దున హైస్కూలు గ్రౌండుల పరుగు, మాపటికి ఇంటి ముంగట దూకుడు. ఇంటి ముంగట ఇసుక కుప్ప ఉండె. సాలమ్మ కోసమనే కొడుకు ఏసోబు కుర్చీ లెట్రిన్ బాత్రూము కడుతున్నడు. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన మోకాళ్లు గదా, కింద కూసుంటే లేవనియ్యవు. ఏసోబు పగలంత ఆటో నడిపి, వచ్చినంక ఇంత సిమెంటు మాలు కలుపుకొని రెండు వరుసలు లేపుతడు. తెప్పించిన ఇసుకనేమో బిడ్డ దూకి దూకి చెల్లాచెదురు చేస్తది.

"జల్లెడ పట్టి పెట్టిన ఇసుక! మళ్ల మట్టి కలిపినవా? అవ్వకు బాత్రూము కట్టాల్నా, నీకు గ్రౌండు కట్టాల్నా?"

"నౌకరి రాని నాయినా, నీకు లారెడు ఇసుక పోయిస్త."

"ముందుగాల గీ తట్టెడు ఎత్తిపొయ్యి."

వాళ్లు నవ్వుతరు. మంచం మీద కూసోని సాలమ్మ మాత్రం పిల్లనే చూస్తది. ఉరికొచ్చి దూకుతది, ఇసుకల పడుతది, లేస్తది. లేసేటప్పుడు జరసేపు నడుం మీద చెయ్యి పెట్టుకొని అట్లనే నిలబడుతది. మొదట్ల గట్ల నిలబడకపోతుండె. చెంపలు లోపలికి పోయినయి. తల దువ్వితే దువ్వెన నిండ వెంట్రుకలు. "నీళ్లు తాగు బిడ్డా" అని పిలిచి చెంబుల బెల్లం కలిపి ఇచ్చింది ఒకనాడు. పిల్ల ఒక్క గుటక మింగి, "అవ్వా! మొక్కు నువ్వే మొక్కి నువ్వే దొంగతనం చేస్తవా?" అని ఒలకబోసింది. ఇంకోనాడు మజ్జిగల సత్తుపిండి కలిపింది. దానిది కుక్క ముక్కు, వాసనకే పట్టేసింది.

ఒక శుక్రవారం చర్చిల సిలువమార్గం, ఏసు సిలువ మోసిన పద్నాలుగు స్థలాల ప్రార్థన. ఒక్కొక్క స్థలం కాడ మోకరించుడు, లేచుడు, మళ్ల మోకరించుడు. సాలమ్మకు మోకాళ్లు వంగవు గనుక వెనుక కుర్చీల కూసున్నది. ముందు వరుసల గ్లోరీ. సగం స్థలాలు అయినంక అందరు లేసిన్రు, గ్లోరీ లేవలేదు. ఒక చేత్తోని బల్ల పట్టుకున్నది, చెయ్యి జారింది, పక్కకు ఒరిగింది. పాట ఆగిపోయింది. నిర్మలమ్మ ఉరికింది, ఎవరో నీళ్లు చల్లిన్రు. సాలమ్మ కుర్చీల నుంచి లేద్దామంటే కాళ్లు రాలేదు. లేవలేక, పిల్ల మొఖం కనపడక, ముంగటి మనుషుల వీపులు చూసుకుంట ఆమె ఎంత గోస పడ్డదో ఎవరికి తెలుసు!

పిల్ల కండ్లు తెరిచింది. "ఏం లేదు, ఉడుకపోసింది" అన్నది. నిర్మలమ్మ బిడ్డను రెక్క పట్టి నడిపిచ్చుకపోతూ అత్త కాడ ఆగింది. "చూసినవా అత్తా?" అన్నది. అంతకన్న ఒక్క మాట ఎక్కువ అనలేదు. అంటే బాగుండు అనిపించింది సాలమ్మకు.

అందరు పోయినంక ఫాదరును పట్టుకున్నది. ఆయనది గుంటూరు దిక్కు, మాట మెత్తన. మొక్కు సంగతంత చెప్పింది.

"పరిగెత్తే పిల్లకు, పనిచేసుకునేవాళ్లకు, జబ్బు మనిషికి ఉపవాసం కట్టడి లేదమ్మా. అసలు ఇంకొకరి కడుపు మీద మీరు మొక్కుకోవడమేంటి? ఆ మొక్కు నేను తీసేస్తున్నాను. బదులుగా మీరు రోజూ జపమాల చెప్పుకోండి. వెళ్లి పిల్లకు అన్నం పెట్టండి."

"మరియతల్లి కోపం చేసుకోదా ఫాదరూ?"

"ఆవిడా బిడ్డను పెంచిన తల్లే కదమ్మా. తిన్నాడా లేదా అని ఆవిడా చూసుకునే ఉంటుంది."

సాలమ్మకు నెత్తి మీది బండ దించినట్టయింది. గోడలు పట్టుకుంట, ఆడాడ ఆగుకుంట ఇంటికి వచ్చింది. రొట్టె చేయించి, పప్పు వేసి గ్లోరీ ముంగట పెట్టింది. "మొక్కు పోయింది బిడ్డా, ఫాదరే తీసేసిండు. తిను."

గ్లోరీ పళ్లెం దిక్కు చూసింది. "వద్దవ్వా. ఆకలి లేదు."

"కడుపుల ఏమున్నదని ఆకలి లేదు?"

"మొక్కు తప్పుడు నాకిష్టం లేదు."

"మొక్కే లేదంటున్న గదనే!"

పిల్ల లేసి కట్టేటి బాత్రూము దిక్కు పోయింది. మోకాలెత్తు లేసిన గోడ మీద కూసున్నది. సాలమ్మ వెనుకనే పోయింది. కూసోనీకి రాదు, కట్టె మీద ఆనుకొని నిలబడ్డది. పిల్లే నోరు తెరిచింది.

"మొక్కు గాదవ్వా. పరుగు నేర్పే సునీల్ సారు అన్నడు, బరువు తగ్గితేనే పరుగు వస్తదని. నాతోని ఉరికేటోళ్లందరు సన్నగున్నరు. నేనే లావు. ఉట్టిగ తిననంటే అమ్మ ఊకుంటదా? మొక్కంటే ఊకున్నది."

మొక్కయితే మొక్కింది తనే, తియ్యనీకి ఫాదరున్నడు. పిల్ల మనసుల పడ్డ దీన్ని ఎవరు తీస్తరు? తన మొక్కు చాటున ఇన్ని దినాలు పిల్ల కడుపు మాడ్చుకున్నది. రేపు గ్రౌండుల పడిపోతే ఎత్తుకొచ్చేది ఎవరు? బుగ్గలు ఊది పుట్టిన పిల్ల, తన చేతులల్ల పెరిగిన పిల్ల. ఆ రోజు జపమాల పట్టుకుంటే పూసలు జరుగుతున్నయి గాని జపం సాగలేదు.

తెల్లారినంక ఏసోబును ఆటో తియ్యమన్నది. "యాడికమ్మా?" "హైస్కూలు కాడికి." "నువ్వెందుకు?" "నువ్వు తియ్యిరా అయ్యా, అన్నీ అడుగుతవు."

గ్రౌండుల పిల్లలు ఉరుకుతున్నరు. సునీల్ ఆ ఊరి పిల్లగాడే, హోంగార్డు. నౌకరికి పోంగ మిగిలిన టైముల పైస తీసుకోకుండ అందరికి నేర్పుతడు. సాలమ్మ కట్టె ఆనించుకుంట గ్రౌండు నడుమ దాక పోయింది. పిల్లలు ఆగిపోయిన్రు. గ్లోరీ మొఖం ఎర్రబడ్డది.

"సునీలూ, నువ్వు మా పిల్లను తినొద్దన్నవా?"

"అవ్వా, నేనెందుకంట! రాత్రిపూట అన్నం జర తగ్గియ్యమన్న. బిస్కట్లు, చిప్సు బందు పెట్టమన్న. అంతే."

"అది అంతే గాదు. నిన్న చర్చిల కండ్లు తిరిగి పడ్డది. మాపటికి ఏం తింటలేదు, పొద్దుగాల ఏం తింటలేదు."

సునీల్ గ్లోరీ దిక్కు తిరిగిండు. "నిజమా? నిన్న గుండు సగం దూరమే పడితే చెయ్యి నొస్తున్నదంటివి. చెయ్యి గాదన్నట్టు." ఆయన గొంతు లేసింది. "గుండు ఏందనుకున్నవ్, గాలి తోని ఇసురుతరా? ఇయ్యాల్టి నుంచి రెండు గుడ్లు, అరటిపండు, కడుపు నిండ బువ్వ. శుక్రవారం గుడ్డు వద్దంటే పల్లీలు తిను. తిననోళ్లు నా గ్రౌండుకు రావొద్దు."

వెనుక నిలబడ్డ పిల్లల్ల ఎవరో కిసుక్కున నవ్విన్రు. "గ్లోరీ, మీ అవ్వను గుడ్డు తినిపియ్యనీకి గూడ తెచ్చుకో."

గ్లోరీ అవ్వ దిక్కు చూడలేదు. ఆటోల ఎక్కలేదు. నడుసుకుంటనే ఇంటికి వచ్చింది. నిర్మలమ్మ పళ్లెం పెడితే గోడ దిక్కు తిరిగి తిన్నది. తిన్నది మాత్రం మొత్తం తిన్నది. ఆనాటి నుంచి అవ్వతోని మాట బందు. "అవ్వను స్నానానికి రమ్మను" అని తల్లితోని చెప్పిస్తది, ఎదురుగ ఉన్నా సరే. సాలమ్మకు కష్టంగనే ఉండె. అయితే పూటపూటకు పళ్లెం ఖాళీ అవుతుంటే ఆ కష్టం ఓర్చుకున్నది. కోపంతోనన్న తింటున్నది గదా, తిననీ.

తారీఖు నాడు చీకటితోనే నల్గొండ పోయిన్రు. గ్లోరీ లోపటికి పోయింది. గేటు బయట తల్లులు, తండ్రులు, చెప్పులు, నీళ్ల సీసాలు. సాలమ్మ ఆటోల ఎనుక సీట్ల కూసోని గేటు దిక్కే చూసుకుంట ఉన్నది. ఎండ ఎక్కింది. లోపటి నుంచి విజిల్ ఇనపడుతది, అరుపులు ఇనపడుతయి, ఏం కనపడదు. ఇన్ని దినాలు మాడిన కడుపు, నాలుగు దినాలు తింటే సర్దుకుంటదా? సర్దుకోకుంటే? ఒకసారి గేటు తెరుసుకున్నది. ఒక పిల్లను ఇద్దరు చెరో రెక్క పట్టుకొని బయటికి తెస్తున్నరు. కాళ్లు ఈడుస్తున్నయి, తల వాలిపోయింది, జడ మొఖం మీద పడ్డది. సాలమ్మ ఏసోబు భుజం గట్టిగ పట్టుకున్నది. ఏసోబు ఉరికి పోయి చూసి తిరిగొచ్చిండు. "మన పిల్ల గాదమ్మా. వేరే పిల్ల."

"పాపం" అన్నది సాలమ్మ. ఆ మాట అనుకుంటనే మనసుల హమ్మయ్య అనుకున్నది, అనుకున్నందుకు సిగ్గుపడ్డది. ఆ పిల్ల తల్లికి నీళ్ల సీస పంపిచ్చింది.

ఇంకెంతసేపటికో గ్లోరీ వచ్చింది. చేతులకు ఇసుక, మోకాలు గీరుకపోయింది, మొఖమంత దుమ్ము. తన కాళ్ల మీదనే నడిచొచ్చి ఆటో కాడ ఆగింది. అవ్వ దిక్కు చూసింది.

"తిననీకి ఏమన్న ఉన్నదా అవ్వా? ఆకలి దంచుతాంది."

సాలమ్మ గిన్నె మూత తీసింది. పిల్ల చేతులు కడుక్కోలేదని యాదికొచ్చి తనే ముద్ద కలిపి నోట్ల పెట్టింది. ఒకటి, ఇంకొకటి. పాసైనవా అని అడగాలె గదా, అది యాదికే రాలేదు. ఏసోబే ఆగలేక అడిగిండు. "చెప్పవేందే, ఏమైంది?"

గ్లోరీ నోరు నిండ ఉన్నది. బొటనవేలు లేపి చూపిచ్చింది, ఇంకో చేత్తోని గిన్నె తన దిక్కు జరుపుకున్నది.