ఆఖరి గంప

డ్రైవరక్క వ్యాన్‌లో సీట్ల కింద నిమ్మకాయలు, దిండ్లు, నడుంనొప్పి మందు ఎప్పుడూ ఉంటాయి. నిమ్మకాయలు అడవిలో మలుపుల కోసం. మిగతావి వైన్ కోసం. పొద్దున్నే తీరంలో జనాన్ని ఎక్కించుకుని, అడవి దాటించి, గుహలు చూపించి, వైనరీల్లో తలా రెండు గుక్కలు రుచి చూపించి, పొద్దు వాలేలోగా మళ్లీ సముద్రం దగ్గర దించడం ఆవిడ పని.

ఆ వైపు వైన్ తాగితే, దాన్ని చేసినవాళ్ల ఒళ్లునొప్పులు తాగినవాళ్లకి వస్తాయి. ద్రాక్ష కోసినవాళ్ల నడుము, తొక్కినవాళ్ల పిక్కలు, మోసినవాళ్ల మెడ. పనివాళ్ల మాటలు కూడా ఒక్కోసారి నోట్లోంచి ఊడిపడతాయి. ఓసారి ఒక బ్యాంకు మేనేజరు పెళ్లాం పక్కనుండగానే ఎవరి అత్తగారినో కడిగిపారేశాడు. పనివాళ్లు పని ముగించి చేతులు కడుక్కున్నదాకానే ఆ నొప్పి, తర్వాత దానంతటదే దిగిపోతుంది. మూలుగుతూనే జనం ఇంకో రెండు సీసాలు కొనుక్కుపోతారు.

గుహలో వైనరీ పెట్టిన యజమాని మాత్రం తన వైన్ ముట్టడు. అతిథులు బలవంతం చేస్తే తాగడానికి, మనిషి చెయ్యి తగలకుండా యంత్రాలు చేసిన వైన్ ఒక సీసా వేరే ఊరి నుంచి తెప్పించుకుంటాడు. అది డ్రైవరక్క వ్యాన్‌లోని ఐసు పెట్టెలోనే వస్తుంది.

డ్రైవరక్క తమ్ముడు ఆ గుహలోనే పోయాడు. వైన్ తీసేశాక లోతైన రాతి తొట్టి అడుగున పిప్పి మిగులుతుంది. దాన్నీ పిండి వైన్ తీస్తారు; గంపలకెత్తడానికి మనిషి దిగాలి. పులిసిన పిప్పి మీద ఊపిరాడనివ్వని గాలి పేరుకుంటుంది కాబట్టి, ముందు తాడు కట్టి దీపం దించి చూడాలి. దీపం ఆరితే ఎవరూ దిగరు. ఆ రోజు తొట్టి పైన తాడు పట్టుకున్నది యజమాని ఒక్కడే. తమ్ముడు తాగి పడ్డాడని చెప్పాడు. వాడికి తాగుడు అలవాటే లేదని అక్కకు తెలుసు, అయినా ఆవిడ మాట విన్నవాళ్లెవరు? వాడు నింపిన ఆఖరి గంపను మిగతావాళ్లు అప్పటికే పిండేశారు. ఆ వైన్ మొత్తం పారబోయమని యజమాని కేకలేస్తుంటే ఆవిడ కొంగు చాటున ఒక సీసా దాచింది. తను చుక్క కూడా రుచి చూడలేదు. అది ఎవరి కోసమో ఆవిడకి ముందే తెలుసు. అతని వైనరీకి జనాన్ని తీసుకెళ్లడమూ మానలేదు. మానేస్తే మనిషి మళ్లీ చేతికి చిక్కడు.

యజమాని వైనరీ అమ్మేద్దామనుకున్నాడు. కొనడానికి ఒక మొగుడూ పెళ్లాం వచ్చారు. ముగ్గురూ వ్యాన్ ఎక్కారు. అడవి పొడుగునా అతను తోటల గొప్పలు, గుహ గొప్పలు చెబుతూనే ఉన్నాడు. అమ్మేసి ఈ మనిషి వెళ్లిపోతే తమ్ముడి చావు అక్కడితో సమాధి అయిపోతుందని ఆవిడకి అనిపించింది. గుహ ముందు ఆపి, వాళ్లు దిగాక, ఐసు పెట్టె తెరిచి యంత్రాల వైన్ రోడ్డు మీద ఒలకబోసింది. ఆ ఖాళీ సీసాలో తను దాచిన సీసా వంచింది.

లోపల పాత తొట్టి పక్కనే బల్ల వేశారు. మీరు తాగితేనే మేం తాగుతామని కొనేవాడి భార్య అంది.

"దానికేం భాగ్యం. ఏమ్మా, నా సీసా ఇలా తీసుకురా," అన్నాడు యజమాని.

ఆవిడే వంచి ఇచ్చింది. అతను ఒక్క గుక్కలో తాగేసి మూతి తుడుచుకున్నాడు. మరుక్షణం చెయ్యి గొంతు మీదకి వెళ్లింది. మోకాళ్ల మీద కూలబడి, పైనెవరో ఉన్నట్టు గుహ కప్పు వైపు చూశాడు. నోట్లోంచి వచ్చిన గొంతు అతనిది కాదు.

"దీపం ఆరిపోయిందయ్యా. పైకి లాగండి. గంప తర్వాత లాగుదురుగానీ, ముందు నన్ను లాగండయ్యా."

తమ్ముడి గొంతు వినగానే అక్కకు గుండె చెరువైంది. ఏడుస్తూనే అతన్ని కళ్లారా చూసింది. బయటికి ఎత్తుకెళ్లి గాలికి కూర్చోబెట్టమని పనివాళ్లెవరో అన్నారు. ఆవిడ కదల్లేదు. కొనడానికి వచ్చినవాళ్లు గ్లాసులు బల్ల మీద పెట్టేసి బయటికి నడిచారు. పనివాళ్లు చివరికి అతన్ని బయటికి మోసుకొచ్చారు.

ఇప్పుడు అతను ఏ గదిలోనూ ఉండలేడు. తలుపు వేస్తే చాలు, ఊపిరి అందదు. సముద్రపు గాలి తగిలేలా రోడ్డు పక్కన కుర్చీ వేయించుకుని, వానొచ్చినా ఎండొచ్చినా అక్కడే నోరు తెరుచుకుని కూర్చుంటాడు. డ్రైవరక్క రోజూ అక్కడ వ్యాన్ కాస్త నెమ్మది చేస్తుంది. జాలిపడ్డవాళ్లకి సంగతంతా చెబుతుంది.

మొన్న వ్యాన్‌లో ఒక పెద్దావిడ, తన నడుంనొప్పి అప్పుడే దిగిపోయిందని, పాపం ఈయనకి ఎప్పుడు దిగుతుందమ్మా అని అడిగింది.

"పని ముగిసి చేతులు కడుక్కున్నదాకానే కదండీ ఏ నొప్పయినా," అంది డ్రైవరక్క గేరు మారుస్తూ. "మా వాడు ఇంకా కడుక్కోలేదు."