రెండు పొట్టివి, ఒకటి పొడుగు

నాన్న ఈల వేయడం మానేసి చాలా ఏళ్లయింది. నా చిన్నప్పుడు విదేశంలో పనిచేసేవాడు. సెలవు మీద వచ్చినప్పుడల్లా వీధి మలుపులోనే ఈల వినిపించేది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. తింటున్న కంచం వదిలేసి, చెయ్యి కూడా కడుక్కోకుండా పరిగెత్తేదాన్ని. పూర్తిగా వచ్చేసి సిమెంటు కొట్టు పెట్టుకున్నాక ఇక ఆ ఈల అవసరం లేకపోయింది.

అక్కడ నాన్నది పరంజా కట్టే పని. ఎత్తైన గోడలకు మరమ్మతు చేసేవాళ్లు నిలబడడానికి ఇనుప గొట్టాలు, చెక్కలు బిగించడం. మా ఆరో తరగతి పుస్తకంలో ఆ దేశపు పెద్ద గుమ్మటం బొమ్మ ఉండేది. "దీని పైదాకా మా నాన్న ఎక్కాడు," అని క్లాసులో నోరు జారాను. ఫోటో ఏదీ అన్నారు. పనిలోకి కెమెరాలు రానివ్వరట అన్నాను. ఇక చూడండి నవ్వులు. ఆ రోజు నుంచి నా పేరు గుమ్మటం. క్లాసులో నోరు తెరవడం కూడా అప్పుడే మానేశాను. నాన్న మాట మీద నాకూ కొంచెం అనుమానం మొదలైంది. అది ఎవరికీ చెప్పలేదు.

ఈ సెలవుల్లో, అదే దేశంలో ఉద్యోగం చేస్తున్న మామయ్యకు పాప పుడితే చూడ్డానికి వెళ్లాం. అమ్మ అత్తకు తోడుగా ఇంట్లో ఉండిపోయింది. మామయ్య ఓ రోజు నన్నూ నాన్ననీ గుమ్మటం చూపిస్తానని రైలెక్కించాడు.

దిగాక నాన్న దిక్కు తెలియనట్టు నిలబడ్డాడు.

"ఏం బావా, ఏళ్ల తరబడి ఇక్కడే చేశానంటావు, టికెట్లు ఎక్కడిస్తారో తెలీదా?"

"టికెట్టు కొనుక్కుని పనిలోకి పోతారట్రా ఎవరైనా?"

లోపల పైకప్పంతా రంగుల బొమ్మలు. నాన్న కూడా నాలాగే నోరు తెరుచుకుని చూశాడు. "ఇవెప్పుడు వేశారో!" అన్నాడు.

మామయ్య గోడకున్న రాతిపలక మీద రాసింది చదివి పకపకా నవ్వాడు. "నాలుగు వందల ఏళ్లయిందిట బావా! కోతలు అక్క ముందు కోస్తే కోశావు, పిల్లదాని ముందు వద్దు."

"లోపలికి ఎప్పుడు రానిచ్చారు గనక. మాకు ముక్కుకెదురుగా గోడే."

నాన్న నవ్వుతూనే అన్నాడు గానీ నావైపు చూడలేదు. నేను నా చెప్పుల వంక చూసుకున్నాను. నిజంగానే ఎక్కలేదేమో. అలాగైతే ఆ విషయం తెలియకుండా తిరిగి వెళ్లిపోతే బాగుండుననిపించింది.

బయటికొచ్చి, కూర్చోడానికి నీడ వెతుక్కుంటూ వెనక వైపుకు వెళ్లాం. అక్కడ గోడంతా గొట్టాలు, ఆకుపచ్చ వల. ఏదో మరమ్మతు జరుగుతోంది.

అప్పుడు వినిపించింది ఈల. రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

నా కాలు దానంతటదే ముందుకు పడింది. నాన్న వైపు చూశాను. నాన్న పెదాలు కదల్లేదు. ఈల పైనుంచి వచ్చింది.

"వెనక్కి రా తల్లీ, బరువు లేపుతున్నారు." నాన్న ఒక చేత్తో నన్నూ, ఇంకో చేత్తో మామయ్య చొక్కానీ పట్టుకుని లాగాడు. కిందున్న పనివాళ్లూ తప్పుకున్నారు. గొట్టాల కట్ట గాల్లోకి లేచింది. అది పైకి చేరి కుదురుకున్నాక, నాన్న రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని పొడుగ్గా ఒక్కటే ఈల వేశాడు. పైనున్న మనిషి వంగి జనంలో వెతికి వెతికి, నాన్నని చూసి చెయ్యి ఊపాడు.

"తెలిసినవాడా బావా?" మామయ్య గొంతు తగ్గింది.

"వాడెవడో నాకేం తెలుసు. కింద అంతా బాగానే ఉందని చెప్పా, అంతే."

"చొక్కా గుండీ తెంపావు. అక్కతో చెప్తా ఉండు."

నేను అడిగాను. "మరి ఇంటికొచ్చేటప్పుడు ఆ ఈల ఎందుకు వేసేవాడివి నాన్నా?"

"చేతిలో పెట్టె బరువుగా ఉండేది కదా, అలవాటుకొద్దీ వచ్చేసేది. ఆ ఈల వింటే అందరూ పక్కకు తప్పుకునేవాళ్లే. ఎంగిలి చేత్తో ఎదురొచ్చేది నువ్వొక్కదానివే."

ముందు వైపుకు వెళ్దాం, ఫోటోలో గుమ్మటం బాగా పడుతుందన్నాడు మామయ్య.

"ఇక్కడే తియ్యి మామయ్యా," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

ఫోటోలో గొట్టాలు, వల, నాన్న, నేను. గుమ్మటం లేదు. క్లాసులో ఏదీ అని అడిగితే అడగనీ.

సాయంత్రం మామయ్య ఇంటి మెట్లెక్కుతూ నాన్నని మోచేత్తో పొడిచాను. నాన్నకి అర్థమైంది. ఈల వేశాడు. బెల్లు కొట్టకముందే తలుపు తెరుచుకుంది. పిండి చేతులతో అమ్మ.

"ఇప్పుడే పాపని పడుకోబెట్టాను, ఈలలేమిటి మీ మొహం!" అంది, నవ్వు ఆపుకోలేక.