రంగేసిన రెల్లు

పరుశురాం పుట్టిన ఊళ్లో రెల్లు గడ్డిని నాటిన మనిషి లేడు. మొలిస్తే తిట్టేవాళ్లు, పెరిగితే కోసి కొట్టం మీద కప్పేవాళ్లు. సూరత్‌లో మాత్రం దానికి మర్యాద ఎక్కువ. ఖటోదరాలో సేఠ్ మిల్లు గేటు ముందర దాని చుట్టూ ఇటుకల అంచు కట్టారు, పేరు రాసిన పలక పాతారు, కాపలాకు పరుశురాంను పెట్టారు.

మగ్గాల షెడ్డులో ఏళ్ల తరబడి నూలు ధూళి పీల్చి అతని ఛాతీ పాత తిత్తిలా తయారైంది. దుమ్ములో ఇంకా నిలబడితే మనిషివి మిగలవన్నాడు డాక్టరు. సరిగ్గా అప్పుడే సేఠ్ చెవిన కారఖానాల తోటల పోటీ సంగతి పడింది. ఒక డిజైనర్ మేడమ్ వచ్చి, ఈ రోజుల్లో గులాబీలు నామోషీ, దేశవాళీ గడ్డే గొప్ప అని తేల్చింది. పోటీలో పేరొస్తే పరుశురాం తోటలోనే ఉండవచ్చు, రాకపోతే మళ్లీ మగ్గం దగ్గరికే అన్నాడు సేఠ్. దయగల మనిషి. ఒకడి ఊపిరిని కూడా పోటీకి పెట్టాడు.

మేడమ్ నేర్పిన సేద్యం విచిత్రమైనది. ఎరువు వేయకూడదు, వేస్తే బలిసి అడ్డం పడుతుంది. వేరు పట్టాక నీళ్లు ఎక్కువ పోయకూడదు. ఎండాకాలం చివర ఎండు దుబ్బును జానెడు ఎత్తుకు కోసి వానకు వదిలేయాలి. పరుశురాం అన్నీ చేశాడు, అంటే చాలావరకు ఏమీ చేయలేదు. మగ్గం దగ్గర ఊరికే నిలబడితే షెడ్డు పెద్ద ముకద్దం ఏడు తరాలను తిట్టేవాడు. ఇక్కడ ఊరికే నిలబడటమే పని. దగ్గు తగ్గింది. రాత్రిళ్లు దగ్గుతో గోడకు ఆనుకుని కునికేవాడు కాస్తా చాప మీద వెల్లకిలా పడుకోవటం మొదలుపెట్టాడు.

దసరా ముందర రెల్లు పూసింది. గాలి వచ్చినప్పుడల్లా పాలనురుగులా వాలి లేస్తోంది. సేఠ్ చూసి మూతి ముడిచాడు.

"క్యా రే, అందర్ రంగీన్ సాడీ, బాహర్ సఫేద్ దాఢీ?"

లోపల రంగు చీరలు నేస్తూ బయట తెల్ల గడ్డమేమిటని ఆయన బాధ.  ఆ మాట పరుశురాంకు లోపల గుచ్చుకుంది.

నవాగామ్‌లో ఇంటికి పోయేసరికి భార్య వినోద ఎదురుచూస్తోంది.

"ఏమయ్యా, బతుకమ్మ పేర్చుదమంటె ఈ సూరత్‌ల గునుగు పువ్వు దొరుకుతలేదు. నీ గడ్డి పువ్వు జరంత తేరాదు?"

"పోటి అయ్యేదాంక ముట్టద్దు. అది ముడితె నా పానం ముట్టినట్టే."

"అబ్బో. ఊర్ల గడ్డి పీకినోనివి, ఇయ్యాల గడ్డికి చౌకీదారువైనవ్."

"సేఠ్ ఏమో తెల్లగుందని మొత్తుకుంటుండు."

"తెల్లగుంటె గునుగును మాత్రం ఎవలు జూస్తరు? రంగుల ముంచితెనే గద కళ. గంత తెలువదా మీ సేఠ్‌కు?"

ఆమె ఎత్తిపొడుపుకే అంది. పెళ్లాం మాట విననివాడని వాడంతా పేరున్న పరుశురాం, వినకూడని రోజునే విన్నాడు.

రంగుల కారఖానాలో పనిచేసే రాజమల్లు దగ్గర మిగిలిన పొడి తెచ్చుకున్నాడు. ఊళ్లో బతుకమ్మకు తల్లి గునుగు కట్టల్ని ముంచినట్టే, రెల్లును కోయకుండా వంచి, తలలు బకెట్‌లో ముంచి, విదిలించి వదిలాడు. ఒక వరస గులాబి, ఒక వరస పచ్చ, ఒక వరస ఊదా. సేఠ్ ఉప్పొంగిపోయాడు. "అబ్ లగా అప్నా మిల్", ఇప్పుడు మన మిల్లులా ఉందంటూ ఫోటోలు తీసి చుట్టాలందరికీ పంపాడు.

తెల్లారి పోటీవాళ్లు వచ్చారు. వెంట వచ్చిన మేడమ్ కారులోంచి ఒక కాలు దించి, రెండోది దించలేదు. పోటీ పెద్దమనిషి ఒక పువ్వు నలిపి చూశాడు. వేలు గులాబీ అయింది. సేఠ్ "దేశీ హై జీ, బిల్కుల్ దేశీ" అంటూనే ఉన్నాడు. పెద్దమనిషి వేలు తుడుచుకుని, ఇచ్చిన చాయ్ తాగకుండానే కారెక్కాడు.

"కిస్‌నే బోలా థా తేరేకో?" నీకెవడు చెప్పాడని సేఠ్ పరుశురాం మీద విరుచుకుపడ్డాడు. నిన్న ఫోటోలు పంపిందెవరో పాపం ఆయనకు గుర్తులేదు. గడ్డినంతా వేళ్లతో సహా పీకేయాలి, పీకటం అయిన మరునాడే మగ్గం ఎక్కాలి. అది తీర్పు.

పీకే ముందు కోసిన పువ్వును వినోద, వాడ ఆడవాళ్లు మోపులు కట్టుకుపోయారు. ఆ యేడు నవాగామ్‌లో బతుకమ్మలు నడుమెత్తు లేచాయి.

"రంగు మంచిగ వట్టింది," అంది వినోద. ఆ వెంటనే, "మల్ల మిషిన్ కాడికేనా?" అంది. ఈసారి ఎత్తిపొడుపు లేదు.

"పీకుడు అయినంక," అన్నాడు పరుశురాం.

గడ్డపార పట్టి తవ్వాడు. పైన పిడికెడు దుబ్బు, కింద బారెడు వేరు. తెగిన చోట వారం తిరక్కుండా పచ్చటి సూది లేచింది. పక్కన తవ్వితే ఇటుకల అవతల ఇంకోటి.

"హో గయా?" అయిందా అని అడిగాడు సేఠ్.

"థోడా బాకీ హై, సేఠ్." ఇంకా కొంచెం మిగిలిందట.

దీపావళి పోయింది. సేఠ్ మళ్లీ అడిగాడు. మళ్లీ థోడా బాకీ. గడ్డి గురించి సేఠ్‌కు తెలిసింది మేడమ్ చెప్పినంతే. ఆమె పెంచటం చెప్పింది గానీ చంపటం చెప్పలేదు.

పరుశురాం పనిదొంగ కాడు. పొద్దున్నే వచ్చి సేఠ్ కళ్లెదుట చెమటలు కారేలా తవ్వేవాడు. సేఠ్ భోజనానికి పోయాక, తవ్విన కుప్పలోంచి కణుపున్న వేరు ముక్కల్ని ఏరి, గుంటలో పెట్టి మట్టి కప్పి, చెంబెడు నీళ్లు పోసేవాడు.