గురువుగారికి తీపి పెట్టకండి

బొన్ పండుగ రోజుల్లో మా లోయలోని ప్రతి ఇంటికీ చనిపోయినవాళ్ళు వస్తారు. వాళ్ళ వెనకే మా ఆలయం గురువుగారు ర్యోకై వస్తారు. ఇంట్లో పితరుల పీఠం ముందు కూర్చుని బౌద్ధ సూత్రం చదువుతారు. చదివాక ఒక గిన్నెడు టీ, పక్కన ఒక తీపి పెడతాం. ఆయన తింటే ఆ ఇంటి పితరులు తిన్నట్టే. అందుకే ఎవరింట్లోనూ ఆయన వద్దనడం నేను చూడలేదు.

ఆయనకు చక్కెర జబ్బు. ఎప్పటినుంచో ఉంది. కళ్ళు మసకేసి కారు నడపడం మానేశారు కాబట్టి, ఈ మధ్య బొన్ రోజుల్లో నా చిన్న కారులో నేనే తిప్పుతున్నాను.

ఈ ఏడాది పండుగకు ముందు ఆయన భార్య మిసావో మా వంటింటి గుమ్మంలో నిలబడి ఏడ్చింది. శరత్కాలంలో చేసే రక్తపరీక్ష బాగాలేకపోతే రక్తం కడిగే యంత్రం మీద పెట్టాల్సిందేనని డాక్టరు చెప్పాడట. ఆ యంత్రం కనుమ అవతలి పట్నంలో ఉంది. రోజు విడిచి రోజు అక్కడికి పోయే మనిషి ఇక్కడ గురువుగా ఎలా ఉంటాడు? ఆలయానికి తాళం పడుతుంది. మా అత్తగారికీ, మామగారికీ, రేపు నాకూ సూత్రం చదివే మనిషి ఉండడు. నిజం చెప్పాలంటే ఆయన మూత్రపిండాల గురించి ఎంత భయపడ్డానో, దాని గురించీ అంతే భయపడ్డాను.

మహిళా సంఘం పెద్దను నేనే. వరసగా అందరికీ ఫోన్లు చేశాను.

"గురువుగారికి తీపి పెట్టకండి. పండ్లు కూడా వద్దు. చక్కెర లేని బార్లీ నీళ్ళు చాలు. ఆయనకు మాత్రం చెప్పకండి, మొహమాటపడతారు."

"మరి మా నాన్నకు కోపం రాదూ?" అన్నాడు చివరింటి యసుకిచి.

"మీ నాన్న బతికుండగా నీకు ఏం పెట్టాడని? నోరు మూసుకుని నేను చెప్పినట్టు చెయ్యి."

అందరూ ఒప్పుకున్నారు. ఇంతమంది ఒక్క మాట మీదికి రావడం మా లోయలో అరుదు. ఆ రాత్రి బుద్ధుడి ముందు దీపం పెట్టి, మంచి పని చేశానని తృప్తిగా పడుకున్నాను.

మొదటి రోజు పొద్దున తిరిగిన ఇళ్ళన్నిటిలోనూ బార్లీ నీళ్ళే వచ్చాయి. ఆడవాళ్ళు గ్లాసు పెడుతూ నావైపు చూసి కన్ను గీటేవాళ్ళు. మధ్యాహ్నం ఆలయానికి తీసుకెళ్తే, చెమటకు తడిసిన అంగీ మార్చుకుని నాలుగు మెతుకులు తిని మళ్ళీ వచ్చి కారెక్కారు.

"ఈ ఏడాది లోయలో చక్కెరకు కరువొచ్చిందా అమ్మా?" అన్నారు నవ్వుతూ.

"వయసు మీద పడింది గురువుగారూ. అరిసెలూ ఉండలూ ఎవరు చేస్తున్నారీ రోజుల్లో?" అన్నాను.

ఆయన అంగీ జేబులు తడుముకున్నారు. ఏదో దొరకనట్టుంది. కొంతదూరం పోయాక, "కొట్టు దగ్గర ఒక్క నిమిషం ఆపుతావా?" అన్నారు.

ఆ కొట్లో చల్లటి తీపి ఐసు ముక్కలు అమ్ముతారు. నాకు నవ్వొచ్చింది. చూశావా, ఎంత చదువుకున్న నోరైనా అలవాటు మానదు అనుకున్నాను.

"ఆలస్యమైపోతోందండీ. కినుయో అక్కయ్య పొద్దుట్నుంచీ ఎదురుచూస్తోంది. షిగెజో బావ పోయాక మొదటి బొన్ కదా."

"సరే అయితే," అన్నారు. ఆయన ఎవరికీ కాదని చెప్పలేరు. కొట్టు దాటించేశాను.

కినుయో ఇంట్లో పీఠం పెద్దది. కొత్తగా పోయిన మనిషి ఇల్లు కాబట్టి తెల్ల లాంతరు వేలాడదీసింది. వంకాయలు, కంకులు, పక్కనే తామరపువ్వుల్లా అచ్చుపోసిన చక్కెర పువ్వులు. ఆ పువ్వులు ఎవరూ తినరు. పండుగ అయ్యాక ఏం చెయ్యాలో తెలియక డబ్బాలో పడేస్తాం.

గురువుగారు దిండు మీద కూర్చుని గంట మోగించారు. ఆ సూత్రం నేను రోజూ పొద్దున చదివేదే. మొదటి భాగం బాగానే సాగింది. ఆ తర్వాత ఒక వాక్యం చదివి మళ్ళీ అదే చదివారు. మళ్ళీ అదే. షిగెజో ఆయనకు చిన్ననాటి స్నేహితుడు, తలుచుకుని తడబడుతున్నారేమో అనుకున్నాను. వెనకనుంచి చూస్తే మెడ మీద చెమట ధారగా కారుతోంది. ఎండాకాలం, నాకూ కారుతోంది. మాటలు ముద్దగా రావడం మొదలైంది.

సూత్రం మధ్యలో ఎవరూ లేవకూడదు. కినుయో లేచింది. వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది.

"చల్లబడిపోయాడు. తొమియే, ఈయన పొద్దుట్నుంచీ ఏం తిన్నాడు?"

"తీపి ఒక్కటీ తిననివ్వలేదక్కా. నువ్వూ పెట్టనన్నావుగా," అన్నాను కొంచెం గర్వంగానే.

"చంపావు పో!"

పీఠం మీది చక్కెర పువ్వు విరిచి ఆయన నోట్లో కుక్కింది. పితరుల ముందు పెట్టిన దాన్ని, సూత్రం పూర్తి కాకముందే.

"వదులు! నా చెప్పులేవి? ఇంటికి పోవాలి," అని ఆయన ఆమె చేతిని తోసేశారు. ఆ మనిషి గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు.

"పోదురుగాని, ముందు నమలండి. మా ఆయనకూ ఇదే జబ్బు, ఇంతకంటే గట్టిగా తోసేవాడు. నమలండి అంటున్నా! నువ్వేం చూస్తున్నావే, ఫ్రిజ్‌లో పీచుపళ్ళ రసం ఉంది, పట్రా!"

తెచ్చాను. తొందరలో సగం చాప మీద పోసేశాను. మిగతాది ఆమె తాగించింది. కాసేపటికి ఆయన కళ్ళు ఎక్కడినుంచో తిరిగొచ్చినట్టు మా ఇద్దరినీ చూశాయి. అంగీ మీద రాలిన పంచదార పొడి చూసుకుని సిగ్గుపడ్డారు.

"షిగెజో పువ్వు తినేశానా?"

"తిననీండి. ఇంకోటుంది," అంది కినుయో.

వసారాలోకి తీసుకొచ్చి స్తంభానికి ఆనించి కూర్చోబెట్టాం. కీచురాళ్ళు చెవులు పగిలేలా అరుస్తున్నాయి. కినుయో వేడి అన్నం ముద్దలు చేసి తెచ్చింది. అవి తింటూ ఆయనే చెప్పారు.

"బొన్ మూడు రోజులూ ఇంటింటా తీపి తప్పదు కదా. అందుకని చక్కెర దించే సూదిమందు కొంచెం ఎక్కువ వేసుకుంటాను, తీపి పడకపోతే ఇలా అవుతుంది. డాక్టరుకు చెప్పే చేస్తున్నాను. ఇవాళ పొద్దున కూడా వేసుకున్నా. ఈ ఇంట్లో కాకపోతే తర్వాతి ఇంట్లో పెడతారులే అని చూస్తూ వచ్చాను. ఎప్పుడూ జేబులో ఉండే చక్కెర బిళ్ళలేమో తడిసిన అంగీలో ఉండిపోయాయి."

కొట్టు దగ్గర ఆపమన్నది అందుకన్నమాట. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఫోన్ల సంగతంతా చెప్పేశాను.

"మరి మిసావోకు తెలీదా, మీరు మందు ఎక్కువ వేసుకుంటారని?"

"తెలిస్తే మూడు రాత్రులూ నిద్రపోదు."

"నాకైనా చెప్పొచ్చు కదండీ!"

"నువ్వు నాకు చెప్పావా అమ్మా?"

కోపంగా అనలేదు. అయినా నేను తల దించుకున్నాను. కినుయో ఆయన ముందున్న పళ్ళెం నా వైపు జరిపి, నువ్వూ తిను అన్నట్టు గడ్డం ఎగరేసింది.

"నేనేం తక్కువ తిన్నానా," అంది. "ఏడేళ్ళు అల్మారాకి తాళం వేశాను. నన్ను పోలీసు అనేవాడు మా ఆయన. ఒకసారి పాకలో ఎరువు బస్తాల వెనక తీపి రొట్టె దొరికింది. నెల్లాళ్ళు మాట్లాడలేదు నేను. ఆకలేసి తిన్నాడో, నామీద కసితో తిన్నాడో, ఇప్పుడు ఎవరినడగను?"

"నన్ను అడిగితే, విసుగొచ్చి తినుంటాడు," అన్నారు గురువుగారు. "పొద్దున లేస్తే వేలు గుచ్చుకోవాలి. తినబోయేది తినకముందే తెలియాలి. ఎవరింట్లో ఏం పెడతారో, ఎంత నడవాలో, ఎవరు ఎంతసేపు మాట్లాడతారో ముందే ఊహించాలి. అన్నీ సరిగ్గా చేసినా ఒక్కోరోజు చక్కెర అంకె పెరుగుతుంది, ఎందుకో తెలీదు. మిసావో నా మొహం చూస్తుంది, నేను దొంగనైనట్టు. బుద్ధుడికి ఒకపూట దీపం పెట్టకపోయినా ఆయనేమీ అనడు. ఇది అలా కాదమ్మా. దీనికి సెలవు లేదు."

ఆయన ఉపదేశాలు ఎన్నో విన్నాను. ఇంత అలసట ఎప్పుడూ వినలేదు. మనసులో ఒక ప్రశ్న మెదిలింది. నోరు కట్టుకోవడమే పుణ్యమని చిన్నప్పటినుంచీ విన్నాను. ఇంకొకరి నోరు కట్టేస్తే అది ఎవరి ఖాతాలో పడుతుంది?

లోపల సూత్రం సగంలో ఆగిపోయింది. కినుయో నేనూ పీఠం ముందు కూర్చుని మిగతాది చదివాం. ఆమెకు మధ్యలో కొంత రాదు, నాకు గంట ఎక్కడ కొట్టాలో సరిగా తెలీదు. ఎలాగో ముగించాం. తిరిగి వసారాలోకి వచ్చేసరికి గురువుగారు కళ్ళు మూసుకుని ఉన్నారు.

మామూలుగా అయితే నేనే చెప్పేదాన్ని, లేవండి పోదాం అనో, ఇంటికి దింపేస్తాను అనో. నోటిదాకా వచ్చింది, మింగేశాను.

"గురువుగారూ, మిగతా ఇళ్ళ సంగతి ఏం చేద్దామంటారు?"

ఆయన కళ్ళు తెరిచారు.

"ఇవాళ్టికి నా వల్ల కాదు," అన్నారు మెల్లగా. "రేపు పోదాం."

ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. పెరట్లోకి పోయి ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేశాను. ఇద్దరు సరేనన్నారు. యసుకిచి ఊరుకుంటాడా?

"లాంతరు వెలిగించి కూర్చున్నాం. మా నాన్న రేపటిదాకా ఆగుతాడా?"

"పోయి ముప్పై ఏళ్ళయింది కదయ్యా, ఒక్క రాత్రి ఆగలేడా? నువ్వు కాస్త కల్లు పోసి కూర్చోబెట్టు."

"అది సరే. రేపు తీపి పెట్టమంటావా, వద్దంటావా? ఒక మాట మీద ఉండు ముందు."

ఫోన్ చేత్తో మూసి వసారా వైపు చూశాను. గురువుగారు స్తంభానికి తల ఆనించి, నోరు కొద్దిగా తెరిచి, నిద్రపోతున్నారు. కినుయో పక్కన కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుతోంది.

"నాకు తెలీదు," అన్నాను. "ఆయన లేచాక అడిగి చెబుతాను."